బరువు తగ్గాడు, ఆటా తగ్గింది: ఒక హ్యాండ్‌బాల్ పివట్ కేసు

హ్యాండ్‌బాల్ కోచ్‌లు నా దగ్గరికి పంపే పిల్లల్లో చాలామంది ఒకే మాట మోసుకొస్తారు, "సార్ బరువు తగ్గమన్నారు." ఎంత తగ్గాలో, ఎందుకు తగ్గాలో, తగ్గేది కొవ్వో కండో ఎవరూ చెప్పరు. ఈ కుర్రాడి విషయంలో మాత్రం నా దగ్గరికి వచ్చేసరికే తగ్గడం అయిపోయింది, ఆరు వారాల్లో 8 కిలోలు. అందరూ భుజం తట్టారు. సమస్యల్లా కోర్టులో మొదలైంది. ఇతని కొలతలు సీజన్‌కి ముందే మా దగ్గర ఉన్నాయి కాబట్టి అంతకుముందు, తర్వాత, మళ్లీ దారిలో పెట్టాక అని మూడు దశలనీ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం దొరికింది. అలాంటి అవకాశం అరుదు, అందుకే వివరంగా రాస్తున్నా. పేరు, కాలేజీ చెప్పను, కుర్రాడి ఒప్పుకోలుతోనే రాస్తున్నాను.

వయసు 20, ఎత్తు 184 సెంటీమీటర్లు, డిగ్రీ చదువుతూ హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటాడు. స్కూల్ గేమ్స్ నుంచి ఆడుతున్నాడు, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం కావాలి. మన దగ్గర ఈ ఆట ఆడే పిల్లల్లో ఎక్కువమంది లెక్క అదే, రైల్వేస్ లేదా పోలీస్. 2023 జూన్‌లో జైపూర్‌లో ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగ్ జరిగి, అందులో తెలుగు టాలన్స్ పేరుతో మన జట్టు కూడా ఆడిన తర్వాత ఆశ ఇంకాస్త పెరిగింది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు కోర్టు, జట్టుకి గోల్‌కీపర్‌తో కలిపి ఏడుగురు, ముప్పై నిమిషాల చొప్పున రెండు సగాలు. మగవాళ్ల బంతి 425 నుంచి 475 గ్రాములు ఉంటుంది, దాన్ని ఒంటి చేత్తో పట్టి, ఎగిరి, మీద పడే మనుషుల మధ్య నుంచి విసరాలి. గోల్ ముందు ఆరు మీటర్ల గీత లోపల గోల్‌కీపర్ తప్ప ఎవరూ కాలు పెట్టకూడదు. ఆ గీత మీద, ఎదుటి జట్టు డిఫెండర్ల మధ్య దూరి, వీపుతో వాళ్లని కాచుకుంటూ బంతి కోసం నిలబడేవాడే పివట్. వింగ్ ఆటగాళ్లు మూలల నుంచి దూసుకొస్తారు, వేగమైన పరుగు ఎక్కువ వాళ్లదే, కాబట్టి తేలిగ్గా ఉంటారు. బ్యాక్ ఆటగాళ్లు పొడుగ్గా ఉంటారు, దూరం నుంచి విసురుతారు. పివట్ మ్యాచ్ అంతా కుస్తీ పడుతూనే ఉంటాడు, ప్రపంచంలో ఏ మంచి జట్టు చూసినా ఎక్కువ బరువుండేది సాధారణంగా వాడే. అంటే ఒకే జట్టులో ఏడుగురికీ ఒకే రకం ఒళ్లు ఉండాలనుకోవడమే తప్పు.

మా కుర్రాడు పివట్. సీజన్ మొదట్లో 92 కిలోలు. పొట్ట దగ్గర, నడుం పక్కన కొవ్వు ఉన్న మాట నిజమే, రెండో సగంలో రొప్పుతున్నాడన్న మాటా నిజమే. పీడీ (కాలేజీ ఫిజికల్ డైరెక్టర్) సార్ అందరి ముందూ "ఏరా, పెళ్లి భోజనాలు ఎక్కువైనట్టున్నయ్" అన్నారట. ఆ మాట బాగా గుచ్చుకుంది వాడికి. రాత్రి భోజనం మానేశాడు, పొద్దున్నే రెయిన్‌కోటు వేసుకుని గ్రౌండ్ చుట్టూ గంటసేపు పరుగు, కాళ్లు బరువెక్కుతాయని జిమ్ బంద్. వేయింగ్ మెషిన్ మీద అంకె వారం వారం దిగింది. 84కి వచ్చి ఆగింది.

ఒక ఇన్విటేషన్ టోర్నమెంట్ ఆడి వచ్చాక నా దగ్గరికి వచ్చి ఒక మాటన్నాడు, "సార్, ఇంతకుముందు నన్ను ఆపాలంటే ఇద్దరు రావాల్సొచ్చేది. ఇప్పుడు ఒక్కడు సరిపోతుండు." నా దృష్టిలో ఏ టెస్టూ ఇంతకంటే సూటిగా సంగతి చెప్పలేదు. అయినా కొలిచాం.

ఎలా కొలిచామో చెప్పాలి, ఎందుకంటే సగం గందరగోళం అక్కడే పుడుతుంది. చాలా జిమ్‌లలో ఉండే మెషిన్, అదే రెండు హ్యాండిళ్లు పట్టుకుని నిలబడితే కాగితం ప్రింటు ఇచ్చేది, ఒంట్లోకి చిన్న కరెంటు పంపి నీటి శాతాన్ని బట్టి కొవ్వు అంచనా కడుతుంది. నీళ్లు తాగితే ఒక లెక్క, చెమట కారితే ఇంకో లెక్క. ఇదే కుర్రాడికి పొద్దున 24 శాతం చూపించి, సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక 21 అంది. ఒక్క పూటలో మూడు శాతం కొవ్వు పోయే మార్గమే ఉంటే మాలాంటివాళ్లకి పనే ఉండదు. మేం స్కిన్‌ఫోల్డ్ క్యాలిపర్ వాడతాం. కుడి వైపు ఎనిమిది చోట్ల, అంటే చేయి ముందూ వెనకా, రెక్క ఎముక కింద, నడుం పక్కన రెండు చోట్ల, బొడ్డు పక్కన, తొడ ముందు, పిక్క లోపలి వైపు, ముందు టేపుతో కొలిచి పెన్నుతో గుర్తు పెట్టి, చర్మాన్ని కింద కొవ్వుతో సహా బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టి, క్యాలిపర్ వదిలాక రెండు సెకన్లు ఆగి అంకె చదవాలి. మొత్తం ఒక రౌండ్ అయ్యాక మళ్లీ రెండో రౌండ్. ప్రాక్టీసుకి ముందే చేయాలి, చెమట పట్టిన చర్మం వేళ్లలో నిలవదు. ప్రతిసారీ ఒకే మనిషి కొలవాలి. ఎనిమిది అంకెలూ కలిపితే వచ్చే మిల్లీమీటర్ల మొత్తాన్నే నేను నమ్ముతాను. దాన్ని శాతంలోకి మార్చే సూత్రాల్లో బాగా వాడుకలో ఉన్నది 1974లో గ్లాస్గోలో మనుషుల్ని కొలిచి తయారుచేసింది, మన ఒళ్లకి అది ఎంతవరకు సరిపోతుందన్నది ఎప్పుడూ అనుమానమే. అందుకని కింద నేను చెప్పే కిలోల లెక్కల్ని సుమారుగానే తీసుకోండి.

92 కిలోలప్పుడు ఎనిమిది చోట్ల మొత్తం 128 మిల్లీమీటర్లు, 84కి వచ్చాక 104. తగ్గింది కదా, మంచిదే కదా అనిపిస్తుంది. కానీ కిలోల్లో చూస్తే మొదట్లో కొవ్వు సుమారు 19 కిలోలు, మిగతా ఒళ్లు 73 లోపు. తర్వాత కొవ్వు 15, మిగతా ఒళ్లు 69. అంటే పోయిన 8 కిలోల్లో సగం మాత్రమే కొవ్వు. మిగతా సగంలో నీళ్లూ, కండలో ఇంధనంగా నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థమూ కొంత ఉంటాయి, ఒప్పుకుంటాను. అయినా కండ కూడా పోయిందని బెంచ్ ప్రెస్ చెప్పింది, 80 కిలోలు ఎత్తినవాడు 70 దగ్గర ఆగిపోయాడు. మెషిన్ మీద అంకె ఒక్కటే చూడటమంటే బస్తా తూకం చూసి లోపల బియ్యమెంతో రాళ్లెన్నో చెప్పడమే.

ఇప్పుడు అసలు చిక్కు. కోచ్‌కి ఈ కుర్రాడు బాగుపడ్డాడనే అనిపించింది, ఆయన చూసిన టెస్టులన్నీ అదే చెప్పాయి మరి. వర్టికల్ జంప్ 36 సెంటీమీటర్ల నుంచి 37కి పెరిగింది. పది మీటర్ల స్ప్రింట్ 1.92 సెకన్ల నుంచి 1.90కి వచ్చింది. యోయో టెస్టులో, అంటే ఇరవై మీటర్లు పోయి వచ్చి పది సెకన్లు ఆగి మళ్లీ పరుగెత్తే ఆ బీప్ టెస్టులో, 880 మీటర్లు చేసేవాడు 1000 చేశాడు. పుల్‌అప్స్ కూడా పెరిగాయి. వీటన్నిటిలో మనిషి మోసేది తన ఒంటినే. ఒళ్లు తేలికైతే, కండ కొంచెం పోయినా సరే, అంకె నిలబడుతుంది లేదా కాస్త పెరుగుతుంది. మన గ్రౌండ్‌లలో స్టాప్‌వాచ్‌తో, గోడ మీద సుద్దముక్కతో చేసే టెస్టులు దాదాపు అన్నీ ఇలాంటివే. బంతి ఎంత వేగంగా పోతోంది, మీద పడ్డ మనిషిని ఎంతసేపు కాచుకున్నాడు అన్నవి ఎవరూ కొలవరు, పివట్‌కి కూడు పెట్టేవి అవే అయినా.

మేం రాడార్ గన్ పెట్టి సెవెన్ మీటర్ త్రో, అంటే ఏడు మీటర్ల గీత నుంచి విసిరే పెనాల్టీ, కొలిచాం. గంటకి 78 కిలోమీటర్లు విసిరేవాడు 74కి పడిపోయాడు. నాలుగే కదా అనుకోకండి, ఆ దూరంలో గోల్‌కీపర్ చేయి అందడానికీ అందకపోవడానికీ తేడా అంతే.

జంప్ విషయంలో ఒక చిన్న లెక్క చేసి పీడీ సార్‌కి చూపించాను. ఎగిరిన ఎత్తూ ఒంటి బరువూ తెలిస్తే కాళ్ల గరిష్ఠ పవర్ అంచనా వేసే సేయర్స్ సూత్రం ఒకటుంది. ఎత్తుని సెంటీమీటర్లలో 60.7తో, బరువుని కిలోల్లో 45.3తో గుణించి, రెండూ కలిపి 2055 తీసేయడమే. 92 కిలోలకి 36 సెంటీమీటర్లు ఎగిరినప్పుడు సుమారు 4298 వాట్లు. 84 కిలోలకి 37 ఎగిరితే 3996. అంటే ఎగిరిన ఎత్తు పెరిగింది, ఇంజన్ మాత్రం 300 వాట్లు చిన్నదైంది. సూత్రంలోనే బరువు ఉంది కాబట్టి బరువు తగ్గితే వాట్లు తగ్గినట్టు కనిపించడం కొంత మామూలే, అందుకే దీన్ని ఒక్కదాన్నే పట్టుకోకుండా మొమెంటం, అంటే కదిలే ఒంటికి ఉండే ఊపు, కూడా చూశాను. పది మీటర్ల సగటు వేగాన్ని బరువుతో గుణిస్తే మొదట్లో 479 వచ్చేది, తర్వాత 442. ఇదే "ఒక్కడు సరిపోతుండు" అన్న మాటకి లెక్కల రూపం.

ఇందులో వింతేమీ లేదు. స్పెయిన్‌లో పైస్థాయి ఆటగాళ్లనీ అమెచ్యూర్లనీ పోల్చి 2005లో వేసిన ఒక పరిశోధనలో పైస్థాయివాళ్లు బరువెక్కువ, కండ ఎక్కువ, బెంచ్ ప్రెస్‌లో 22 శాతం దాకా బలమెక్కువ, విసిరే వేగం 8, 9 శాతం ఎక్కువ. జంప్ ఎత్తులోనూ స్ప్రింట్‌లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. బరువెక్కువున్నా అంతే ఎత్తు ఎగురుతున్నారూ అంతే వేగంగా పరుగెడుతున్నారూ అంటే ఆ అదనపు బరువు ఎలాంటిదో అర్థమవుతూనే ఉంది. అలాగని కొవ్వుని వెనకేసుకు రావడం లేదు నేను. కొవ్వు ఎగరదు, విసరదు, ప్రతి పరుగులోనూ దాన్ని మోయాల్సిందే. ఈ కుర్రాడికి కొవ్వు తగ్గాల్సిన మాట నిజం. దాన్ని తగ్గించిన దారే తేడా కొట్టింది.

నార్వేలో క్రీడాకారుల మీద 2011లో వచ్చిన పరిశోధన ఒకటి ఇక్కడ బాగా పనికొస్తుంది. ఒక గుంపు వారానికి ఒంటి బరువులో 0.7 శాతం చొప్పున, ఇంకో గుంపు 1.4 శాతం చొప్పున తగ్గారు, ఇద్దరూ వారానికి నాలుగు రోజులు వెయిట్స్ చేశారు. నిదానంగా తగ్గినవాళ్లకి కండ రెండు శాతం పెరిగింది కూడా, త్వరగా తగ్గినవాళ్లకి పెరగలేదు. మావాడు వారానికి దాదాపు 1.4 శాతం చొప్పునే తగ్గాడు, అదీ వెయిట్స్ పూర్తిగా మానేసి, రాత్రి తిండి మానేసి.

తిండి దగ్గరికి వద్దాం, ఎక్కువ టైమ్ పట్టింది దీనికే. హాస్టల్ మెస్‌లో ఏం తింటున్నావో ఫోన్‌లో ఫోటో తీసి పంపమన్నాను. మధ్యాహ్నం కంచం ఫోటోలో అన్నం కొండలా ఉంది, పక్కన నీళ్ల సాంబారు, కొంచెం దొండకాయ వేపుడు, ఆవకాయ. వారంలో కొన్ని రోజులు ఒక గుడ్డు, ఆదివారం చికెన్. లెక్క వేస్తే ప్రోటీన్ రోజుకి 60 గ్రాములు దాటడం కష్టం, అందులో రాత్రి పూట మానేస్తే ఇంకా తక్కువ. మేం పెట్టుకున్న లక్ష్యం కిలోకి 1.8 గ్రాములు, అంటే 84 కిలోలకి సుమారు 150. పౌడర్ డబ్బా కొనే స్తోమత లేదు, కొనమని నేను చెప్పనూ లేదు. రోజుకి నాలుగు గుడ్లతో 24 గ్రాములు, అర లీటరు పాలతో 16, పొడి మీల్ మేకర్ 50 గ్రాములు నానబెట్టి మెస్ వాళ్లతోనే కూరలో వేయించుకుంటే 26, గుప్పెడు పల్లీలతో 10. చికెన్ తిన్న రోజు ఇంకో 35. మిగతాది పప్పు, పెరుగు, అన్నం నుంచే వస్తుంది. చికెన్ లేని రోజు గుడ్లు పెంచినా 150 అందేది కాదు, పర్వాలేదన్నాను. మెస్ ఇన్‌ఛార్జ్ మొదట్లో "ఒక్కడికోసం మీల్ మేకర్ వండాలా" అని విసుక్కున్నాడు గానీ, తర్వాత జట్టంతా అడగడం మొదలుపెట్టాక మెనూలోనే పెట్టేశాడు.

అన్నం మానమని అనలేదు. హ్యాండ్‌బాల్‌లో ఆగి ఆగి పేలినట్టు పరుగెత్తాలి, దానికి కార్బోహైడ్రేట్ కావాలి. ప్రాక్టీసుకి ముందు మధ్యాహ్నం అన్నం అలాగే ఉంచి, రాత్రి కొండని సగం చేశాం. ముందు చేసిన పని మాత్రం రాత్రి భోజనం మళ్లీ మొదలుపెట్టించడం. వాడికది మింగుడు పడలేదు, మెషిన్ అంకె పైకి పోతుంటే టెన్షన్ పడేవాడు. కొన్నాళ్లు మెషిన్ ఎక్కొద్దని చెప్పి, క్యాలిపర్ అంకె మాత్రమే చూపించాం.

ట్రైనింగ్‌లో గంటసేపు గ్రౌండ్ చుట్టూ పరుగు తీసేశాం, రెయిన్‌కోటు ఎవరికో ఇచ్చేయమన్నా. వారానికి మూడు రోజులు స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్ ప్రెస్, రోయింగ్, పుల్‌అప్స్, సెట్టుకి ఐదారు రెప్స్, బరువు నెమ్మదిగా పెంచుకుంటూ. మెడిసిన్ బాల్ విసుర్లు, లారీ టైరుకి తాడు కట్టి లాగడం, ఆరు మీటర్ల గీత మీద ఇద్దరు ఒకరినొకరు వీపుతో నెట్టుకునే డ్రిల్. దమ్ము కోసం నలుగురు నలుగురుగా చిన్న కోర్టులో ఆటలు, మధ్య మధ్యలో పదిహేను సెకన్లు గట్టి పరుగు, పదిహేను సెకన్లు విశ్రాంతి. భుజం కోసం రబ్బర్ బ్యాండ్‌తో బయటికి తిప్పే వ్యాయామం రోజూ. ఇది కండ కోసం చేయించింది కాదు, విసిరే వేగం పెరిగితే చేతిని ఆపే కండలు కూడా ఆ మేరకు బలపడాలి కదా, లేకపోతే భుజం పోతుంది.

సీజన్ చివరికి బరువు 88. క్యాలిపర్ మొత్తం 96 మిల్లీమీటర్లు, అంటే 84 కిలోలప్పటి కంటే కూడా తక్కువ. కొవ్వు సుమారు 14.5 కిలోలు, మిగతా ఒళ్లు 73.5. జంప్ 40 సెంటీమీటర్లు, పవర్ 4359 వాట్లు. పది మీటర్లు 1.84 సెకన్లు. మొమెంటం 478, అంటే 92 కిలోలప్పుడు ఉన్నంతే, మోసే బరువు మాత్రం నాలుగు కిలోలు తక్కువ. యోయో 1240 మీటర్లు. బెంచ్ ప్రెస్ 87.5. త్రో గంటకి 81 కిలోమీటర్లు. ఇక్కడ బీఎంఐ తమాషా కూడా చూడండి. మొదట్లో 27.2, ఇప్పుడు 26, మన దేశంలో వాడే 25 హద్దు ప్రకారం రెండుసార్లూ ఊబకాయుడే. ఆ హద్దు లోపలికి వచ్చింది ఒక్క 84 కిలోలప్పుడే, 24.8. ఆట అన్నిటికంటే అధ్వాన్నంగా ఉన్నదీ అప్పుడే.

దీన్ని పట్టుకుని అందరికీ ఇదే మందు అనుకోవద్దు. ఒక్క కుర్రాడు, అదీ 20 ఏళ్లవాడు, పద్ధతిగా వెయిట్స్ ఎప్పుడూ చేయనివాడు. ఆ వయసులో పోయిన కండ తిరిగి రావడం తేలిక. త్రో పెరగడంలో టెక్నిక్ వాటా కూడా ఉంది, మోచేయి కిందికి జారేది, కోచ్ సరిచేశారు. ఎంత కండ వల్ల, ఎంత మోచేయి వల్ల అంటే విడదీసి చెప్పలేను.

అదే కాలేజీ అమ్మాయిల జట్టులో లెఫ్ట్ వింగ్ ఆడే పిల్ల ఒకామె ఉంది, 52 కిలోలు. ఈ కుర్రాడు 8 కిలోలు తగ్గి మెప్పు పొందడం చూసి తనూ తిండి తగ్గించింది. వింగ్ తేలిగ్గా ఉండాలన్న మాట నిజమే గానీ ఈ అమ్మాయి దగ్గర తగ్గడానికి ఏమీ లేదు. నెలసరి ఆగిపోయి మూడు నెలలైందని మా మహిళా ఫిజియోతో చెప్పేదాకా ఎవరికీ తెలియలేదు. రోజంతా తిన్న కేలరీల్లోంచి ప్రాక్టీసుకి ఖర్చైనవి తీసేస్తే, కొవ్వు కాని ఒంటి బరువులో కిలోకి 30 కేలరీల కంటే తక్కువ మిగలడం ప్రమాదం, 45 దాకా ఉండాలి. ఆమెకి మిగులుతున్నవి 24. ఎముకలు బలహీనపడటం, చీటికీమాటికీ గాయాలు, వేగం పడిపోవడం, అన్నీ ఆ దారిలోనే వస్తాయి. గైనకాలజిస్ట్ దగ్గరికి పంపాం, కొన్నాళ్లు పరుగు తగ్గించి తిండి పెంచాం. ఆ అమ్మాయి కొలతలు ఇక్కడ రాయను, ఆ కేసు ఇంకా నడుస్తోంది.

పీడీ సార్ ఇప్పుడు పొజిషన్ వారీగా "ఎవరు ఎన్ని కిలోలుండాలో చార్టు రాసివ్వు, గోడకి అంటిస్తా" అంటున్నారు. రాసివ్వనన్నాను. దాని బదులు ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇస్తున్నాం, అందులో క్యాలిపర్ మొత్తం, పది మీటర్ల మొమెంటం, జంప్, త్రో వేగం, యోయో, ఈ ఐదు పక్కపక్కనే ఉంటాయి. అది ఆ ఆటగాడికీ కోచ్‌కీ మాత్రమే. పివట్‌కి మొదట చూడాల్సింది మొమెంటం, త్రో. వింగ్‌కి జంప్, యోయో. గోల్‌కీపర్ల సంగతి వేరు, వాళ్లకి ఈ కాగితం పెద్దగా ఉపయోగపడటం లేదు, పక్కకి కదిలే వేగం కొలిచే టెస్టు ఇంకా కుదరలేదు.

కుర్రాడు వేసవి సెలవులకి ఊరెళ్లాడు. అక్కడ జిమ్ లేదు, పెళ్లిళ్లు మాత్రం ఉన్నాయి. రెండు సంచుల్లో ఇసుక నింపుకుని వారానికి రెండు రోజులు స్క్వాట్లు, భుజం మీద మోస్తూ నడక, పొలం దగ్గర ట్రాక్టర్ టైరు తిప్పడం, ఇదీ ప్లాన్. మామిడిపళ్లు తినొద్దని చెప్పలేదు. జూన్‌లో తిరిగొచ్చాక మొదటి సోమవారం ప్రాక్టీసుకి ముందే క్యాలిపర్ పెడతాం, ఎనిమిది చోట్ల మొత్తం 110 దాటితేనే తిండి సంగతి మళ్లీ మాట్లాడుకుంటాం. లేదంటే నేరుగా వెయిట్సే.